కారు కడుగు యంత్రమునకు నీటి వడపోత



నేడు నేను ముచ్చటింపబోవు విషయము చిన్నది. కారు కడుగు యంత్రమునకు పెట్టు నీటిని వడగట్టుట ఎందుకు, ఎట్లు అనునదే. తెలుగు వాచకములు చెప్పుకొనుచు బడిలో ఆయుర్దాయమున సగము గడపిన పంతులునకు యంత్రములతో పనియేమని కొందరు అడుగవచ్చును. యంత్రముతో నాకు పని లేదు, నీటితో కలదు. తణుకున గోస్తనీతీరమున పెరిగినవానికి నీటి గుణదోషములు కొంత తెలియక తప్పదు. అంతేకాదు, ఈ ప్రశ్న నన్నడిగినవాడు నా శిష్యుడు. శిష్యుడడిగినదానికి బదులు వెదకుట విశ్రాంతవేతనము పుచ్చుకొను పంతులునకైనను విధియే కదా!

ఆ యువకుడు రహదారి ప్రక్కన ‘వాటర్ సర్వీసింగ్’ దుకాణము పెట్టుకొన్నాడు. అప్పు తెచ్చి, నీటిని గట్టిగా చిమ్ము యంత్రమును కొన్నాడు. జనులు దానిని ప్రెషర్ పంపని పిలుచుచున్నారు. మొదటి వర్షకాలమున దగ్గరనున్న పంటకాలువలో గొట్టము వేసి ఆ నీటితోనే బండ్లు కడిగెను. రెండు నెలలు తిరుగకమునుపే పంపులోని రబ్బరు సీళ్లు అరిగిపోయి నీరు కారజొచ్చెను. క్రొత్తవి వేయించెను, అవియు నట్లే అరిగెను. కాలువనీరు పనికిరాదని తలచి బోరు వేయించెను. బోరునీరు అద్దమువలె తేటగా నుండెను. యంత్రము చక్కగా పనిచేసెను గాని, కడిగిన కారు ఎండలో ఆరినపిమ్మట నల్లని రంగుమీద సున్నము చిలికినట్లు తెల్లని చుక్కలు నిలిచిపోవుచుండెను. ఒకరిద్దరు బేరస్థులు డబ్బులీయక తిరిగిపోయిరి. అంతట ఎవరో చెప్పగా మంచి వెల పెట్టి ఫిల్టరు బిగించెను. చుక్కలు చుక్కలుగనే యున్నవి.

అతడు నాయొద్దకు వచ్చి, “మాస్టారండీ, కాలవ నీళ్లయితే మిషను పాడౌతోంది, బోరు నీళ్లయితే కారు పాడౌతోంది. ఫిల్టరు పెట్టినా మచ్చలు పోలేదు. ఇక ఏ నీళ్లతో కడగమంటారండీ?” అని యడిగెను.

ఈ ప్రశ్నలోనే విషయమంతయు నున్నది. నీటిలో మలినము ఒక్కటి కాదు, రెండు. ఒకటి తేలాడు మలినము. రెండవది కరగిన మలినము. రెండు గాజుగ్లాసులలో నీరు పోసి, ఒకదానిలో పిడికెడు ఇసుకను, ఒకదానిలో చెంచాడు ఉప్పును వేసి కలుపుడు. ఇసుక వేసిన గ్లాసు కొంతసేపటికి అడుగున ఇసుకను, పైన నీటిని వేరుగా చూపును. గుడ్డలో వడగట్టిన ఇసుక గుడ్డపై నిలుచును. ఉప్పు వేసిన గ్లాసు ఎంతసేపు చూచినను తేటగనే యుండును. ఎన్నిమడతల గుడ్డలో వడగట్టినను ఉప్పు నీటివెంబడి క్రిందికి పోవును. నాలుకకు తెలియునేగాని కంటికి తెలియదు. కాలువనీరు మొదటి గ్లాసు వంటిది. బోరునీరు రెండవదాని వంటిది. మొదటి మలినము యంత్రమును తినును. రెండవ మలినము కారుపై మచ్చ పెట్టును. వడపోత మొదటిదానికి మందు, రెండవదానికి కాదు. నా శిష్యుడు రెండవ రోగమునకు మొదటి రోగపు మందు వాడెను. ఈ భేదము తెలిసినచో తక్కినదంతయు సులభము.

యంత్రము పనిచేయు తీరును ముందు చూతము. పదిమీటర్ల ఎత్తు నీరు నిలిచియున్నచో దాని యడుగున కలుగు ఒత్తిడిని స్థూలముగా ఒక బార్ అందురు. మేడమీది తొట్టినుండి దిగివచ్చు కుళాయినీటికి ఒక బార్ ఒత్తిడియుండుటయు అరుదు. ఇండ్లలో వాడు ఈ యంత్రములు 100 బార్లకు అటునిటుగా ఒత్తిడి పుట్టించును. అనగా 1000 మీటర్ల నీటికంబము అడుగున నుండు ఒత్తిడి. తిరుమలలో ఆలయమున్న ఎత్తుకంటెను ఇది అధికము. ఇంత ఒత్తిడిగల నీరు ఇంచుమించు ఒక మిల్లీమీటరు వెడల్పుగల రంధ్రముగుండా బయటపడును. రంధ్రము దాటినచోట ఆ ధార వేగము సెకనుకు సుమారు 140 మీటర్లు. గంటకు 500 కిలోమీటర్లన్నమాట. ఇంతచేసి, అది త్రాగు నీరు నిమిషమునకు 5 మొదలు 8 లీటర్లు మాత్రమే. నీరు తక్కువ, వేగ మెక్కువ. అదియే దాని కిటుకు.

ఈ ఒత్తిడిని పుట్టించుటకు పెక్కు యంత్రములలో మూడు చిన్న పిస్టనులుండును. మోటారు తిరుగుచుండగా ఏటవాలుగానుండు పళ్లెమొకటి వానిని ఒకదానివెంట నొకటిగా త్రోయుచుండును. పిస్టను వెనుకకు పోవునపుడు లోపలి వాల్వు తెరచుకొని నీరు వచ్చును. ముందుకు వచ్చునపుడు ఆ వాల్వు మూసికొని, వెలుపలి వాల్వు తెరచుకొని, నీరు పోవును. పిస్టను ప్రక్కలనుండి నీరు జారిపోకుండ రబ్బరు సీళ్లు దానిని కౌగిలించుకొనియుండును. సెకనుకు ఎన్నోమారు లీ రాకపోకలు జరుగుచుండును.

ఇప్పుడు ఒక ఇసుకరేణువు లోపల ప్రవేశించినదనుకొందము. అది వాల్వు పెదవులమధ్య చిక్కినయెడల వాల్వు పూర్తిగా మూసికొనదు. ధార ఒకసారి బలముగా, ఒకసారి నీరసముగా, గుక్కపట్టిన బిడ్డవలె వచ్చును. సీలునకును పిస్టనునకును నడుమ చిక్కినయెడల ప్రతి కదలికలోను ఆకురాయివలె గీయుచు పోవును. ముక్కులోని రంధ్రమున చిక్కినయెడల ధార వంకరపోవును, లేదా ఆగిపోవును. ఈ మూడును దాటి బయటపడినయెడల ధారతో పోయి కారుపై తాకును. కారు రంగుపైన మెరుగుకై వేయు పూత మందము సామాన్యముగా 50 మైక్రానుల ప్రాంతమున నుండును. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. అంత పలుచని పూతమీద ఆ వేగముతో రేణువులు తగులుచుండిన, కడుగుట పేర గీరుటయే జరుగును.

మన కాలువలలో ఈ రేణువు లెందుకంత విస్తారమో చెప్పనక్కరలేదు. ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పుణ్యమున గోదావరినీరు మన పొలములకు వచ్చుచున్నది. దాని స్థానమున నేడు కాటన్ పేరిటనే బ్యారేజి యున్నది. పశ్చిమడెల్టా ప్రధానకాలువ విజ్జేశ్వరమువద్ద బయలుదేరి కొమ్మలుగా చీలి మనవైపు వచ్చును. వానకాలమున గోదావరి ఎర్రనీరు తెచ్చును. ఆ యెరుపే పొలమునకు బలము. ఈ డెల్టానేలయంతయు ఏటేట ఆ బురద పేరుకొని యేర్పడినదే. అన్నము పెట్టు ఆ యొండ్రు పంపులో పడినప్పుడు మాత్రము శత్రువగును.

ఈ ఎర్రనీటిని కదలనీయక ఉంచినచో తనంతట తేరును. అయితే ఎంతకాలమునకు? కాటన్ దొర ఆనకట్ట కట్టించుచున్న దినములలోనే, 1851లో, స్టోక్స్ అను ఐర్లండు గణితజ్ఞుడు ఈ ప్రశ్నకు లెక్క కట్టి చెప్పెను. నీటిలో రేణువు దిగు వేగము దాని వ్యాసముయొక్క వర్గమును అనుసరించియుండునని దాని సారము. అనగా రేణువు పదింతలు చిన్నదైనచో నూరింతలు మెల్లగా దిగును. మిల్లీమీటరులో పదవవంతున్న సన్నయిసుక ఒక మీటరు లోతు దిగుటకు ఇంచుమించు రెండు నిమిషములు చాలును. అందు పదవవంతున్న ఒండ్రురేణువునకు మూడుగంటలు పట్టును. అందును పదవవంతున్న బంకమట్టి రేణువునకు పండ్రెండు దినములకు పైగా పట్టును. కావున పీపాలో నీరు పట్టి ఒక రాత్రి యుంచినచో యంత్రమును చంపు ఇసుకయు, ఒండ్రులో పెద్దపాలును అడుగు చేరును; నీటికి ఎర్రదనమిచ్చు బంకమన్ను మాత్రము మిగులును. రూపాయి ఖర్చులేని మొదటి వడపోత ఇదియే. దానికి కావలసినది ఓర్పు.

ఆ మిగిలిన బంకమన్నునకు మన పెద్దలు వాడిన మందులు రెండు: పటిక, చిల్లగింజ. బంకమట్టి రేణువులపై ఒకే జాతి విద్యుదావేశముండుటచే అవి యొకదానినొకటి దూరముగా త్రోసికొనుచు నీటిలో తేలాడును. పటికలోని అల్యూమినియము ఆ యావేశమును పోగొట్టును. అప్పుడవి చేరువై, ముద్దలు కట్టి, బరువెక్కి దిగును. రేణువు పెద్దదైనచో వేగము వర్గముగా హెచ్చునని స్టోక్స్ చెప్పినది ఇక్కడ మనకు ఉపకరించుచున్నది. లీటరునకు 20 మొదలు 50 మిల్లీగ్రాములు చాలును. 200 లీటర్ల పీపాకు 4 మొదలు 10 గ్రాములన్నమాట. పటికపొడిని చెంబెడు నీటిలో కరగించి పోసి, ఒక నిమిషము గట్టిగాను, తరువాత కొంతసేపు మెల్లగాను కలిపి కదలక విడువవలెను. ఎక్కువ వేసినచో ఎక్కువ తేరునను భ్రమ వలదు. మిగిలిన పటిక నీటిలో కరగియుండి తానే రెండవజాతి మలినమగును. చిల్లగింజను సానమీద అరగదీసి కలుపు ఆచారము మన పల్లెలలో నుండెడిది. మునగగింజల పిండికిని ఈ గుణము కలదు.

ఇక గుడ్డలో వడగట్టుట. నీటిని వస్త్రముతో వడగట్టి త్రాగవలెనని మన ధర్మశాస్త్రములు చెప్పినది ఆచారమాత్రము కాదు. 2003లో అచ్చైన ఒక పరిశోధనలో, వంగదేశపు పల్లెస్త్రీలు పాతచీరను నాలుగు మడతలకు తగ్గకుండ వేసి నీరు వడగట్టినచో కలరా సుమారు సగము తగ్గినట్లు తేలినది. క్రొత్తచీరకంటె పలుమారులు ఉదికిన పాతచీర మేలట! నూలుపోగులు మెత్తబడి విచ్చుకొనుటచే రంధ్రములు సన్నగిల్లి, నాలుగు మడతలలో 20 మైక్రానులవరకు వచ్చును. మనిషి వెండ్రుక మందము 50 మొదలు 100 మైక్రానులు. వెండ్రుకలో మూడవవంతున్న రేణువును మన అమ్మల పాతచీర పట్టగలదన్నమాట. త్రాగునీటికి ఇది చాలదు, కాచుకొనవలెను. కారు కడుగు నీటికి ఇది మంచి రెండవ వడపోత.

అంగడిలో దొరకు ఫిల్టరు మూడవది. గాజువలె పారదర్శకమైన గిన్నెలో నూలుకండెవంటి గొట్టమొకటి నిలిపియుందురు. నీరు గిన్నెలోనికి వచ్చి, కండె ప్రక్కలనుండి లోనికి ఇంకి, నడిమి రంధ్రమునుండి పోవును. కండెపై 50, 20, 5 అని అంకె యుండును, అవి మైక్రానులు. అంకె చిన్నదైనకొలది వడపోత సన్నము. చాలమంది ‘సన్నమైనది మంచిది’ అని 5 అంకెది కొనుచున్నారు. వానకాలపు కాలువనీటికి అది కొద్దిసేపటిలో పూడుకొనిపోవును. పూడుకొన్న ఫిల్టరు పంపునకు మురికినీటికంటె తక్కువ అపాయము కాదు. ఏలయన, నిమిషమునకు 7 లీటర్లు కోరు పంపునకు 3 లీటర్లే అందినచో, లోపల నీరులేని శూన్యపు బుడగలు పుట్టి, మరుక్షణమున పగులుచు లోహమును కొరకును. పంపు గరగర శబ్దము చేసినచో దానికి దాహమగుచున్నదని గ్రహింపవలెను.

కావున ఫిల్టరు బిగించువారు నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది: పెద్దకన్నులది ముందు, చిన్నకన్నులది తరువాత. 50 మైక్రానులది మొదట, 20 మైక్రానులది వెనుక నుంచినచో ఇంటిపనికి సామాన్యముగా చాలును. పిండి జల్లించువారు జల్లెడ వాడిన తరువాతనే గుడ్డ వాడుదురు గదా! రెండవది: ఫిల్టరు ఎల్లప్పుడును యంత్రమునకు ముందుండవలెను, యంత్రము తరువాత నుంచరాదు. యంత్రము దాటిన నీటికి 100 బార్ల ఒత్తిడి కలదు. ఆ గిన్నె దానికి తాళక పగులును. మూడవది: ఫిల్టరు దాటి వచ్చు నీటిని పది లీటర్ల బక్కెట్టులో పట్టిచూడవలెను. ఒక్క నిమిషములో బక్కెట్టు నిండినచో గృహయంత్రమునకు కొరత లేదు. ఒకటిన్నర నిమిషము పట్టినచో ఆలోచింపవలెను. రెండు నిమిషములు పట్టినచో కండె మార్చవలెను, లేదా తొట్టి ఎత్తు పెంచవలెను. నాలుగవది: యంత్రమునకు నీరు చేరు ద్వారమున తయారించినవారే అమర్చిన చిన్న జాలి యుండును. ఫిల్టరున్నదిగదా యని దానిని తీసివేయరాదు. అప్పుడప్పుడు విప్పి కడుగవలెను. క్రొత్త కండె వేసినప్పుడు మొదటి రెండు బక్కెట్ల నీటిని చెట్లకు పోయుట మంచిది. గిన్నె ఎండలో నున్నచో నాచు పట్టును, నీడన బిగింపవలెను.

చిల్లచెట్టు పండు నీటిని తేర్చునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేరదని మనుస్మృతిలో ఒక మాట కలదు. ఫిల్టరు సంగతియు నింతే. బిగించి మరచిపోయినచో అది పేరు జపించుటయేగాని నీరు తేర్చుట కాదు. గోధుమరంగు తిరిగిన కండెను రెండేండ్లుగా మార్చక, ‘మాకు ఫిల్టరున్నదండీ’ అని చెప్పువారిని నేనెరుగుదును.

ఇక రెండవ మలినమునకు వత్తము. భూమిలో నిలిచిన నీరు రాళ్లలోని సున్నపుజాతి లవణములను, మెగ్నీషియమును, ఉప్పును కరగించుకొనును. సముద్రతీరమునకు పోవుకొలది బోరులలో ఉప్పదనము హెచ్చుట డెల్టావాసులకు అనుభవమే. అందుచేతనే తీరపుగ్రామములవారు బోరునీరు త్రాగక, కాలువనీరు నింపిన చెరువులపై ఆధారపడుచున్నారు. విచిత్రమేమనగా, కంటికి బురదగానుండు కాలువనీటిలో కరగిన లవణములు సామాన్యముగా తక్కువ. కంటికి తేటయైన బోరునీటిలో ఎక్కువ. తేటదనము వేరు, శుద్ధి వేరు.

దీనిని ఎవరైనను ఇంటిలో పరీక్షింపవచ్చును. ముఖము చూచుకొను అద్దముపై నాలుగు చోట్ల నాలుగు చుక్కలు వేయుడు: కాలువనీరు తేర్చినది ఒకటి, బోరునీరు ఒకటి, ఫిల్టరు దాటిన బోరునీరు ఒకటి, వాననీరు ఒకటి. ఎండలో ఆరనిండు. బోరునీటిచుక్క తెల్లని వలయము విడుచును. ఫిల్టరు దాటిన బోరునీటిచుక్కయు అట్టి వలయమునే విడుచును. వాననీటిచుక్క జాడ కనబడుట అరుదు. నా శిష్యునకు ఈ పరీక్ష చూపగా, “అయితే ఫిల్టరు అమ్మినవాడు మోసం చేశాడంటారా మాస్టారూ?” అని యడిగెను. మోసము కాదు నాయనా. అది చేయని పనిని దాననుండి కోరితివి అంటిని.

అంకెలతో చెప్పవలెనన్న, త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన నియమములున్నవి. లీటరునకు కరగిన పదార్థములు మొత్తము 500 మిల్లీగ్రాములవరకు, కాఠిన్యము 200 మిల్లీగ్రాములవరకు ఉండుట మంచిది. వేరు నీరు దొరకనప్పుడు మొత్తము పదార్థములు 2000వరకు, కాఠిన్యము 600వరకు అనుమతింపబడును. మంచిదన్న 500 మిల్లీగ్రాముల నీటినే తీసికొందము. కారు కడిగిన పిమ్మట దానిపై పావులీటరు నీరు నిలిచి ఆరినదనుకొన్నచో, 125 మిల్లీగ్రాముల తెల్లనిపొడి దానిపై మిగులును. త్రాగుటకు మంచిదైన నీరే కారుపై మచ్చ పెట్టుటలో వింత లేదు. టీడీయస్ మీటరని చిన్న సాధన మొకటి చౌకగా దొరకును. అది నీటి విద్యుద్వాహకత్వమును కొలిచి కరగిన లవణముల అంచనా చెప్పును. బురద సంగతి అది చెప్పదు. కనుక ఎర్రనీటిలో ముంచినను తక్కువ అంకె చూపవచ్చును. దానిని నమ్మి ఆ నీటిని పంపునకు పెట్టరాదు.

ఈ రెండవ మలినమునకు ఖరీదైన మందులు కలవు. కాఠిన్యమును తీయు రెసిను తొట్టి సున్నపుజాతిని పట్టుకొని, బదులుగా సోడియమును విడుచును. చుక్క పూర్తిగా పోదుగాని, తుడిచిన వదలును. అన్ని లవణములను పట్టు వేరొక రెసిను కలదు. దాని నీటిచుక్క జాడ విడువదు, కాని ఉప్పెక్కువయున్న నీటికి అది త్వరలో నిండిపోయి జేబు ఖాళీ చేయును. ఖర్చులేని మార్గములు మూడు కలవు. కారును ఎండలో కడుగక, ప్రొద్దుటనో నీడలోనో కడుగుట ఒకటి. నీరు ఆరకముందే మెత్తని పొడిగుడ్డతో ఒత్తి తీయుట రెండవది. నీరు పోయినచో అందలి ఉప్పును దానివెంటనే పోవును. చివరి రెండు బక్కెట్లకు వాననీరు వాడుట మూడవది. మనవైపు వానలకు లోటులేదు. మొదటి వాన కప్పును కడిగిపోయిన తరువాత పడు నీటిని పీపాకు పట్టి, తేర్చి, మూతపెట్టి యుంచిన సరిపోవును.

ఇది వినిన శిష్యుడు బోరునీటిని ఒక తొట్టియందును, కప్పుమీది వాననీటిని వేరొక తొట్టియందును నిలువచేయ నారంభించెను. పంపునకు పోవు గొట్టపుమూతిని తొట్టియడుగునకు ఒక జానెడు పైన వ్రేలాడదీసి, దానికి సన్నజాలి కట్టెను. అడుగున చేరిన మడ్డిని వారమునకొకమారు దించివేయుటకు క్రింద బిరడా పెట్టెను. మొదటి కడుగుడు బోరునీటితో, కడపటి తొలుపు వాననీటితో. వెంటనే గుడ్డతో తుడుచుట. వాననీరు నిండుకొన్న నెలలలో గుడ్డయే దిక్కు. కొన్న ఫిల్టరును పారవేయనక్కరలేకపోయెను. బోరు తెచ్చు సన్నయిసుకకు అది పనికివచ్చినది. సీళ్లు ఏడాదిగా మార్చలేదని మొన్న చెప్పెను.

ఒక మాట మిగిలినది. ఇది యంత్రముకంటె పెద్దది. కాలువగట్టున కారు నిలిపి, కాలువనీటినే లాగి, ఆ మురికిని మరల కాలువలోనికే విడుచుట మనయొద్ద కొన్నిచోట్ల కానవచ్చుచున్నది. ఆ నీటితో ఇంజను చమురు, గ్రీజు, సబ్బు పోవును. మనకు దిగువనున్న గ్రామములవారి మంచినీటిచెరువులు నిండునది ఆ కాలువలతోనే. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు; కట్టకముందు నింపుకొన్న చెరువునీరే వారికి ఆ దినములంతటను ఆధారము. మన కారు మెరుపు వారి కుండలో చేరరాదు. కడిగిన నీటిని గులకయు ఇసుకయు నింపిన గుంతకు త్రిప్పి, పైతేలు చమురును తీసివేయుట కష్టమైన పని కాదు. నీటి కరవు ఎంతటిదో దూరపు మాట కాదు. 2024 మార్చిలో బెంగుళూరున త్రాగునీటితో కార్లు కడుగువారికి 5000 రూపాయల జరిమానా విధించిరి. ఆ యూరిలో మన తెలుగువారు లక్షలమంది యున్నారు. కాలువలో నీరు నిండుగా నున్నవారు వారిని తలచుకొని పొదుపు నేర్చుట మేలు. నిజమునకు ఈ యంత్రము పొదుపునకే సాధనము. మీట నొక్కిన పదునైదు నిమిషములకు నూరు లీటర్ల నీటితో పని ముగియును. తెరచివిడిచిన కుళాయిగొట్టము అంతకంటె ఎంతో ఎక్కువ పారబోయును.

సంగ్రహముగా చెప్పెదను. నీటిని ముందు నిలువయుంచి తేర్చుడు. పాతగుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టుడు. ఫిల్టరును యంత్రమునకు ముందు బిగించి, బక్కెట్టుతో ధారను కొలిచి, పూడినప్పుడు మార్చుడు. కరగిన ఉప్పును ఫిల్టరు తీయదని తెలిసి, వాననీటిని, పొడిగుడ్డను చేరువనుంచుకొనుడు. మురికిని కాలువకు విడువకుడు. దేనిని ఏది తీయగలదో తెలిసి వాడినవానికి అప్పు చేసి కొన్న యంత్రము అన్నము పెట్టును. తెలియక వాడినవానికి అదియే రెండవ అప్పు తెచ్చును.

సెలవు.